వంపు వేరు, వంకర వేరు

పోయిన వేసవి సెలవులకు మా పెద్దమ్మాయి కొడుకు అరసవల్లి వచ్చాడు. పన్నెండేళ్ళవాడు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుమీద నా పక్కన చేరి, సెల్‌ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"తాతా, నువ్వు చిన్నప్పుడు గోల్ఫ్ మైదానంలో పనిచేశావట గదా! ఈయన మనవాడే, తెలుగువాడు. చూడు" అన్నాడు.

చూశాను. ఆ ఆటగాడి పేరు సాహిత్ తీగల. హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబంలో, 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. చిన్నతనంలోనే ఆయన వెన్నెముకలో వంపు ఉందని గుర్తించారు. అయినా ఆట మానలేదు. 2023 సెప్టెంబరులో అమెరికాలోని పెద్ద పోటీల్లో మొదటిసారి గెలిచాడు. చెట్ల మధ్య చిక్కుకున్న బంతిని గాలిలో వంచి బయటికి తెచ్చే నేర్పు ఆయనకు బాగా ఉంది.

కాని మా మనుమడు చూపించింది ఆయన గెలిచిన ఆట కాదు. 2024 ఆగస్టు నెలాఖరున అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ అనే పోటీ జరిగింది. మూడవ రోజు ఆటలో సాహిత్ బంతి ఇసుక గుంటలో పడింది. అలా పడినప్పుడు, కొట్టడానికి కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకను తాకకూడదని నియమం. తన కర్ర ఇసుకను తాకినట్టు ఆయనకు అనిపించింది. తానే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు దెబ్బలు శిక్షగా కలిపారు. పోటీ ముగిసేసరికి ఆయనది మూడవ స్థానం. ఆ రెండు దెబ్బలు లేకపోతే రెండవ స్థానంలో మరొకరితో సమానంగా నిలిచేవాడు. బహుమతి సొమ్ములో తేడా 25 లక్షల డాలర్లు.

"ఎవరూ అడగలేదు గదా తాతా! తనే ఎందుకు చెప్పేశాడు? అంత డబ్బు పోయింది" అన్నాడు పిల్లవాడు.

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నలభై మూడేళ్ళ క్రిందటి సంగతి ఒకటి గొంతుకు అడ్డం పడింది. వాళ్ళ మామ్మకు తప్ప ఈ ఇంట్లో మరెవరికీ నేను దానిని చెప్పలేదు. ఆ రోజు వాడికి చెప్పాను. చదువరులారా, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మాది వ్యవసాయ కుటుంబం. అరసవల్లి అంటే అందరికీ సూర్యనారాయణస్వామి ఆలయమే గుర్తుకు వస్తుంది. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోను అక్టోబరులోను, ఉదయపు కిరణాలు తిన్నగా లోపలికి వచ్చి విగ్రహం పాదాలమీద పడతాయి. మేము ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళమైనా, ఆ ఊరి పిల్లలుగా ఆ వెలుగు సంగతి వింటూనే పెరిగాము. వెలుగు తిన్నగా పోతుందని బడికంటె ముందు మా ఊరే మాకు నేర్పింది.

మా నాన్నగారికి కూడా తిన్నదనం అంటే ప్రాణం. ఆయన నాగలి పట్టి తీసిన చాలు దారం పట్టి గీసినట్టు ఉండేది. నేను మొదటిసారి నాగలి పట్టినప్పుడు చాలు అటూ ఇటూ పోయింది. "ఏటిరా ఇది, పాము పాకినట్టుంది! తిన్నగా చూడు, తిన్నగా నడు" అని కేకలేశారు. పొలంలోనైనా, సంతలోనైనా, మాటలోనైనా ఆయనకు ఒకటే కొలత. వంగినదంతా తప్పు అనే అభిప్రాయం నాకు అక్కడే ఏర్పడింది.

పదో తరగతి తప్పాక, 1979లో విశాఖపట్నంలో మా మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషనులో నన్ను రైలెక్కిస్తూ నాన్నగారు మళ్ళీ అదే మాట చెప్పారు. మావయ్యకు తెలిసినవారి ద్వారా ఒక గోల్ఫ్ మైదానంలో పని దొరికింది. ఆటగాడి కర్రల సంచి మోయడం, బంతి ఎక్కడ పడిందో చూసి ఉంచడం, అడిగినప్పుడు సలహా చెప్పడం నా పని. ఆ పనివాణ్ణి క్యాడీ అంటారు. నేను ఇంటికి ఉత్తరం రాస్తే, మా అమ్మ ఎవరిచేతనో చదివించుకొని, "కాడి మోస్తున్నాడట నా కొడుకు! ఎద్దుల పని మనిషిచేత చేయిస్తారా?" అని ఏడ్చిందట. సంచి బరువు చూస్తే ఆమె మాట పూర్తిగా తప్పు కాదు. అందులో పద్నాలుగు కర్రల దాకా ఉండవచ్చు.

ఆ ఆట చూడనివారికి రెండు ముక్కలు చెబుతాను. సుమారు 46 గ్రాముల తెల్లని బంతి. దానిని కర్రతో కొట్టుకుంటూ, ఎక్కడో మూడు నాలుగు వందల గజాల దూరంలో ఉన్న చిన్న గుంటలో వేయాలి. ఆ గుంట అడ్డం 4.25 అంగుళాలు. అలాంటి గుంటలు పద్దెనిమిది. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వారిదే గెలుపు. మన బిళ్ళంగోడులో బిళ్ళను ఎంత దూరం కొడితే అంత గొప్ప. ఇక్కడ దూరం ఒక్కటే చాలదు, బంతి ఎక్కడ ఆగిందన్నదే లెక్క.

మొదటి వారంలోనే నాకు ఆశ్చర్యం వేసింది. ఎవరి బంతీ తిన్నగా పోవడం లేదు. ఒకరిది కుడికి వంగుతుంది, ఒకరిది ఎడమకు. అక్కడ ముసలి క్యాడీ ఒకాయన ఉండేవారు. మేమంతా ఆయనను పెద్దయ్య అని పిలిచేవాళ్ళం. "పెద్దయ్యా, వీళ్ళకు తిన్నగా కొట్టడం రాదా?" అని అడిగాను.

ఆయన బీడీ పారేసి నవ్వారు. "తిన్నగా పోయిన బంతి దేవుడిచ్చింది రా గుంటా. వంగిన బంతి మనిషి చేసుకున్నది" అన్నారు.

తరువాత నేలమీద కర్రతో గీసి చూపించారు. కర్ర ముఖం ఎటు చూస్తుంటే బంతి దాదాపు అటే లేస్తుంది. చేతి ఊపు కూడా సరిగ్గా అటే పోతే బంతి తిన్నగా సాగుతుంది. ఊపు ముఖానికి కుడిగా పోతే, బంతి పక్కకు వాలి తిరుగుతూ ఎడమకు వంగుతుంది. ఊపు ఎడమగా పోతే కుడికి వంగుతుంది. కుడిచేతివాటం వారికి ఎడమకు మెల్లగా వంగే దెబ్బను డ్రా అంటారు, కుడికి వంగేదాన్ని ఫేడ్ అంటారు. అవే అదుపు తప్పితే హుక్, స్లైస్ అవుతాయి. ఆ రోజుల్లో చాలా పుస్తకాలు దీనికి భిన్నంగా, బంతి ఊపు వెళ్ళిన దారినే బయలుదేరుతుందని రాసేవి. 2000 తరువాత రాడార్ యంత్రాలు వచ్చి కొలిచి చూస్తే, పెద్దయ్య నేలమీద గీసిందే నిజమని తేలింది. ఆయన చదువుకోలేదు. ముప్పయి ఏళ్ళు బంతుల వెనక నడిచాడు, అంతే.

తిన్నగా కొట్టడం ఎంత కష్టమో ఒక లెక్క చెబుతాను. 200 గజాల దూరానికి దిశలో ఒక్క డిగ్రీ తేడా వస్తే బంతి మూడున్నర గజాలు పక్కకు పోతుంది. ఎర్రని ఎండలో, సముద్రపు గాలిలో, చేతులు చెమటపట్టిన మనిషికి ఒక్క డిగ్రీ ఏపాటి?

అందుకని తెలిసిన ఆటగాళ్ళు వేరొక దారి పట్టారు. మైదానం వెడల్పు ముప్పయి గజాలు అనుకోండి. తిన్నగా కొడదామనుకున్నవాడు మధ్యకు గురిపెడతాడు. అటైనా ఇటైనా పదిహేను గజాలే వాడికి చోటు. తన బంతి ఎప్పుడూ కుడికే వంగుతుందని తెలిసినవాడు ఎడమ అంచుకు గురిపెడతాడు. కొంచెం వంగినా లోపలే, బాగా వంగినా లోపలే. ముప్పయి గజాలూ వాడివే. తన వంపు ఏమిటో తెలుసుకున్నవాడికి చోటు రెట్టింపు అయిందన్నమాట.

బెన్ హోగన్ అనే అమెరికా ఆటగాడికి మొదట్లో బంతి విపరీతంగా ఎడమకు పోయే బాధ ఉండేది. ఎన్నో ఏళ్ళు కష్టపడి దానిని కుడికి మెల్లగా వంగే దెబ్బగా మార్చుకున్నాడు. 1949లో ఆయన కారును బస్సు ఎదురుగా గుద్దింది. మళ్ళీ నడుస్తాడా అని అందరూ అనుకున్న మనిషి, మరుసటి ఏడు యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. మరోపక్క కెనడాలో మో నార్మన్ అనే ఆటగాడు ఉండేవాడు. ఎన్నిసార్లు కొట్టినా గీత గీసినట్టు తిన్నగానే పోయేది. అలాంటివారు లేకపోలేదు గాని బహు అరుదు. 2012 ఏప్రిల్‌లో, ఈస్టరు ఆదివారంనాడు, ఆగస్టా మైదానంలో బబ్బా వాట్సన్ అనే ఎడమచేతివాటం ఆటగాడు చెట్ల మధ్య చిక్కుకున్నాడు. ఎదురుగా దారి లేదు. బంతిని దాదాపు 40 గజాలు కుడికి వంచి కొడితే అది వెళ్ళి గుంట ఉన్న పచ్చికమీద నిలిచింది. మాస్టర్స్ పోటీ గెలిచాడు.

ఇంకొక చిత్రమైన సంగతి. గోల్ఫ్ బంతిమీద సాధారణంగా 300 నుండి 400 వరకు చిన్న చిన్న గుంటలు ఉంటాయి. సుమారు 1850 ప్రాంతాల్లో గుత్తా పెర్చా అనే చెట్టుపాలతో నున్నని బంతులు చేసేవారు. అవి సరిగా ఎగిరేవి కావు. ఆడి ఆడి గీతలు, దెబ్బలు పడిన పాత బంతులే నిలకడగా ఎగరడం ఆటగాళ్ళు గమనించారు. అప్పటినుండి బంతిమీద కావాలనే గీతలు, తరువాత గుంటలు పెట్టడం మొదలైంది. గాలిలో తేలడానికైనా, వంగడానికైనా ఆ గుంటలే ఆధారం.

ఇక నా సంగతికి వస్తాను.

1982లో ఆ మైదానంలో రెండు రోజుల పోటీ జరిగింది. నేను ఒక అధికారిగారి సంచి మోసేవాణ్ణి. మంచి మనిషి. నా కాళ్ళకు చెప్పులు కొనిచ్చింది ఆయనే. రెండవ రోజు పదిహేడవ గుంట దగ్గరకు వచ్చేసరికి ఆయన, మరొకరు సమానంగా ఉన్నారు. ఆయన కొట్టిన బంతి కుడిపక్క తాటిచెట్ల వైపు పోయింది. నేను ముందుగా పరుగెత్తాను. బంతి తాటిమొద్దు వెనక ఉంది. అక్కడినుండి గుంటవైపు తిన్నగా దారి లేదు. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. కాలి బొటనవేలితో బంతిని మూరెడు పక్కకు తోశాను.

అంతే. మూరెడు. సంచి దించి, ఏమీ ఎరగనివాడిలా నిలబడ్డాను.

సారు వచ్చారు. చూశారు. ఎదురుగా దారి తెరిచి ఉంది. తిన్నగా కొట్టారు. బంతి వెళ్ళి గుంటకు దగ్గరగా ఆగింది. ఒక్క దెబ్బ తేడాతో ఆయన గెలిచారు. వెండి కప్పు ఇచ్చారు. ఆయన నాకు యాభై రూపాయలిచ్చారు. అప్పట్లో నాకది చాలా పెద్ద సొమ్ము.

తిరిగి నడుస్తుండగా ఆయన అన్న మాట నన్ను పట్టుకుంది. "అదృష్టం బాగుందిరా. చెట్టు వెనక పడిందేమో, వంచి కొట్టాలేమో అనుకున్నాను. వారం రోజులుగా పొద్దున్నే వచ్చి ఆ దెబ్బే సాధన చేస్తున్నాను గదా. ఇవాళ చూద్దామనుకున్నాను" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనకు మేలు చేశాననుకున్నాను. నిజానికి ఆయన నేర్చుకున్నదాన్ని ఆయన చేతిలోనుండి లాక్కున్నాను. అవతలి మనిషి కప్పును దొంగిలించాను. నాన్నగారు తిన్నగా ఉండమన్నారు గదా, నేను బంతికి తిన్నని దారే చేశాను. అయితే ఆ తిన్నని దారికంటె వంకరది నా జీవితంలో మరొకటి లేదు.

మూడవ రోజు సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను, కొడతారనుకున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కప్పు తీసి గుడ్డలో చుట్టారు. నన్ను స్కూటరు వెనక ఎక్కించుకొని మైదానం కమిటీవారి దగ్గరకు తీసుకెళ్ళారు. వారికి చెప్పింది ఆయనే. "క్యాడీ బంతిని కదిపితే అది ఆటగాడి తప్పే. నా లెక్క తప్పు. కప్పు నాది కాదు" అన్నారు. నన్ను ముందుకు తోసి నావైపు వేలు చూపించలేదు. కప్పు రెండవవారికి పోయింది.

కాని సంగతి దాగుతుందా? తోటి క్యాడీలు నాతో మాట్లాడడం మానేశారు. "నీవల్ల మా అందరిమీద అనుమానం పడింది" అన్నారు. వారి మాట న్యాయమే. నెలరోజులు ఎవరూ నాకు సంచి ఇవ్వలేదు. పెద్దయ్య ఒక్కరే, "తప్పు చేశావు, చెప్పావు. ఇంటికెళ్ళి రా" అన్నారు.

అరసవల్లి వచ్చాను. తొలకరి పడి దుక్కులు జరుగుతున్నాయి. పొలం గట్టుమీద కూర్చొని నాన్నగారికి అంతా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. లేచి ఎద్దులను తోలారు. మాకు కాలువ పక్కన ఒక చెక్క ఉండేది. కాలువ అక్కడ వంపు తిరుగుతుంది గనుక ఆ చెక్క కూడా కొడవలిలా ఉంటుంది. నాన్నగారు ఆ గట్టు వెంటే నాగలి నడిపారు. చాలు గట్టులాగే వంగింది. దాని పక్కన ఇంకొకటి, అలాగే వంగి. నేను పుట్టినప్పటినుండి చూస్తున్న పొలమే. ఆ రోజు మొదటిసారి కనబడింది.

"నాన్నా, ఇక్కడ నువ్వూ వంకరగానే దున్నుతున్నావు గదా?" అన్నాను.

"వంకరేటి? గట్టు వంగితే చాలు వంగదా? తిన్నగా పోతే పక్కవాడి గట్టు తెగదా?" అన్నారు, ఎద్దులను ఆపకుండానే.

అప్పుడు అర్థమైంది. నాన్నగారు నాకు నేర్పాలనుకున్నది గీత కాదు. హద్దు. తన చేను ఎంతవరకో అంతవరకే పోవడం. ఆ హద్దు లోపల నాగలి వంగవచ్చు. నాగావళి ఎన్ని వంపులు తిరిగినా సముద్రానికే చేరుతుంది, దానిని ఎవరు తప్పుపడతారు? చెట్టు అడ్డం వస్తే బంతిని చుట్టూ వంచి కొట్టడం నేర్పు. చెట్టు అడ్డం రాలేదని నటించడం మోసం. మొదటిది వంపు. రెండవది వంకర. ఇన్నాళ్ళూ ఆ రెండింటినీ ఒకటే అనుకున్నాను.

నెల తరువాత విశాఖ వెళ్ళాను. ఆ అధికారిగారే మళ్ళీ పిలిచి సంచి నా భుజానికి తగిలించారు. మరుసటి ఏడు ఒక ఉదయం, అదే పదిహేడవ గుంట, అదే తాటిచెట్టు. బంతి మళ్ళీ దాని వెనకే పడింది. నేను పది అడుగుల దూరంలో చేతులు కట్టుకొని నిలబడ్డాను. ఆయన నావైపు చూసి నవ్వి, కర్ర తీసుకొని వంచి కొట్టారు. బంతి తాటిమొద్దుకు టంగుమని తగిలి మా వెనక్కే వచ్చింది. ఇద్దరం నవ్వాము. "ఇప్పుడు తెలిసిందిరా, నాకింకా రాదని" అన్నారు. ఆ మాటలో ఎంత తృప్తి ఉందో చెప్పలేను.

తరువాత నేను ఆ పని మానేసి ఊరు వచ్చి వ్యవసాయంలో స్థిరపడ్డాను. 1991లో ఢిల్లీలో క్యాడీగా పనిచేసిన ఆలీ షేర్ ఇండియన్ ఓపెన్ గెలిచాడని పత్రికలో చదివి, ఆ రోజు పొలంలో ఎద్దులకు కూడా చెప్పాను. 2009లో బెంగుళూరు క్యాడీ సి. మునియప్ప అదే పోటీ గెలిచాడు. సంచి మోసిన భుజాలు గనుక నాకు సంతోషం కాస్త ఎక్కువే.

ఇదంతా చెప్పి, "అందుకే ఆ సాహిత్ చెప్పేశాడురా. బంతిని ఎన్ని వంపులైనా తిప్పగలడు. లెక్క మాత్రం తిన్నగా వేశాడు. ఎవరూ అడగలేదు నిజమే, కాని ఆయనకు తెలుసు గదా" అన్నాను.

పిల్లవాడు కొంతసేపు ఆలోచించాడు. నేను వాడు సాహిత్ గురించి ఏదో అడుగుతాడనుకున్నాను.

"మరి ఆ యాభై రూపాయలు ఏం చేశావు తాతా?" అన్నాడు.

చదువరులారా, పిల్లలు సరిగ్గా అడగవలసినదే అడుగుతారు. అప్పటికే ఇరవై ఖర్చయిపోయాయి. ముప్పయి ఆ రోజే గుమ్మంలో ఇచ్చేశాను. మిగతా ఇరవై నెలకు ఐదు చొప్పున నాలుగు నెలల్లో తీర్చాను. ఆయన వద్దన్నారు గాని నేను వినలేదు. ఆ మాటే వాడికి చెప్పాను.

"అయితే సరే" అని, ఫోను జేబులో పెట్టుకొని, వీధిలోకి ఆటకు పోయాడు.

మీ ఇండ్లలో పిల్లలు కూడా ఏదో ఒక రోజు, "ఎవరూ చూడలేదు గదా?" అని అడుగుతారు. అప్పుడు వారికి నీతి చెప్పే తొందరలో ఉండకండి. మీ సొంత మూరెడు సంగతి ఏదైనా ఉంటే దానిని చెప్పండి. నాకు అది చెప్పడానికి నలభై మూడేళ్ళు పట్టింది. మీరు అంత ఆలస్యం చేయకండి.